శబ్దకారుల జప్తు

శేషుకుమారి కర్రపురుగును అరచేతిలోకి తీసుకుని కిరణపెట్టెలో ఉంచింది. పచ్చని వెలుగు ఒకసారి మెరిసి ఆరిపోయింది. ఇక అది గుడ్లు పెట్టినా పిల్లలు కావు. పురుగును మళ్ళీ గాజు డబ్బాలోకి వదిలి, మూతకు కొత్త ముద్ర వేసి ఇంటాయనకు అందించింది.

“మూగ పురుగుకిచ్చే మౌన అనుమతి ఇంకో ఏడాది ఉంటుందండి. విదేశీ జాతి కదా, చచ్చిపోయినా మట్టిలో పాతిపెట్టకూడదు. మాకే ఇవ్వాలి.”

“అలాగేనండి,” అన్నాడాయన, పైకప్పులోంచి మాటలు వినే యంత్రం, శ్రవణి, వైపు చూస్తూ. సముద్రం మింగగా మిగిలిన కాకినాడలో ఎవరు ఎవరితో మాట్లాడినా చూపు పైకే పోతుంది.

వీధిలోకి రాగానే చెవిలోని పలుకుబిళ్ళలో పర్యవేక్షకుడు వీరభద్రం గొంతు వినిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఆ గొంతు కింద పనిచేస్తున్నా ఆమె ఆయన ముఖం ఎన్నడూ చూడలేదు.

“జాలరిపేట మెరక మీద ఒక ఇంటి శ్రవణి వట్టి గరగర పంపుతోందమ్మా. యంత్రం బాగానే ఉందట. శబ్దకారులేమైనా ఉన్నాయేమో చూడు.”

కీటక నియంత్రణ చట్టంలో శబ్దకారులకు, అంటే కూత పెట్టే పురుగులకు, అనుమతి లేదు. మన కీచురాళ్ళు మందువానల్లో ఎప్పుడో అంతరించాయి. ఓడల్లో దొంగచాటుగా వచ్చే విదేశీ కీచురాళ్ళు పైర్లను తినేస్తాయి కనుక కనిపించగానే చంపాలని చట్టం చెబుతుంది. పైర్లను తినే మూగ పురుగులకు అనుమతి ఎందుకు ఇస్తున్నారో శేషుకుమారి ఎప్పుడూ అడగలేదు.

మెరక మీది ఇంటి తలుపు తీసిన మనిషి నూకరత్నం. అరవై దాటిన మనిషి. చేతులకు రొయ్యల పొట్టు అంటుకుని ఉంది. తలుపు తెరుచుకోవడంతోనే లోపలి రొద బయటికి దూకింది. శేషుకుమారి చెవిలో వీరభద్రం గొంతు ముక్కలైపోయింది.

గది మూలన గోనె కప్పిన కుండ ఉంది. కీచురాళ్ళు అందులోనే ఉన్నాయి.

“ఎక్కడివండీ ఇవి?”

“మా ఆయన ఓడలో పని చేస్తాడు. ఆయన తెచ్చాడు,” అంది నూకరత్నం. దాచే ప్రయత్నమేమీ చేయలేదు. “తీసుకుపోదురుగాని, కాసేపాగండి. మా పైడమ్మ సంగతి చెప్పుకుంటున్నాను.”

పైడమ్మ తీసివేత జాబితాలోని పేరు, ప్రభుత్వం మాయం చేసిన మనిషి. అలాంటి పేరు పలికితే శ్రవణి ఎర్రబడుతుంది. సాయంత్రంలోగా పలికినవాళ్ళను కూడా తీసుకుపోతారు. శేషుకుమారి గబుక్కున తలెత్తింది. శ్రవణి తెల్లగానే ఉంది.

“ఈ రొదలో దానికేం వినపడదు,” అంది నూకరత్నం. “కన్నకూతురి పేరు పలకడానికి పరాయి దేశం నుంచి పురుగుల్ని తెప్పించుకోవాల్సొచ్చింది. మీకెవరైనా ఉన్నారా అమ్మా?”

శేషుకుమారి మరోసారి పైకి చూసింది. “తమ్ముడు,” అంది చివరికి. “సూరిబాబు.”

ఆ పేరు గొంతులో గీసుకుంటూ బయటికి వచ్చింది. పైన ఏ మార్పూ లేదు. మళ్ళీ అంది. మూడోసారి అనబోతే ఏడుపు అడ్డొచ్చింది. నూకరత్నం రొయ్యల చేతులు కొంగుకు తుడుచుకుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

“నేను వీటిని వదిలేసి వెళ్తే ఇంకొకరొస్తారు,” అంది శేషుకుమారి కాస్త తేరుకుని. “వాళ్ళు మిమ్మల్ని కూడా తీసుకుపోతారు.”

“తెలుసు.” నూకరత్నం కుండ ఎత్తి ఇచ్చింది. “ఆడవి గుడ్లతో ఉన్నాయి. పదిలం.”

శేషుకుమారి పురుగులను జప్తుపెట్టెలోకి మార్చి, కాలవ గట్టున ఆపిన బండిలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు నోటితో నివేదిక ఇవ్వాలి. తన గొంతులో అబద్ధం ఏ మూలన ఉన్నా తేల్పరి యంత్రం పసిగడుతుంది. ఆమె పెట్టె మూత కొద్దిగా తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. లోపలి చీకట్లో పురుగులు మళ్ళీ కూత అందుకున్నాయి.

“శబ్దకారులు దొరికాయి. కాలవలోంచి వచ్చి ఇంట్లో దూరాయి. ఇంటివాళ్ళ తప్పేం లేదు. అన్నిటినీ చంపేశాను.”

“స్వరం తేలలేదు. మళ్ళీ చెప్పండి,” అంది యంత్రం.

మళ్ళీ చెప్పింది. అదే జవాబు. యంత్రం తేల్చలేనిది పర్యవేక్షకుడు తేల్చాలి. గరగరల మధ్య నుంచి వీరభద్రం గొంతు వచ్చింది.

“చచ్చినవైతే ఆ కూతేంటమ్మా?”

ఆమె జవాబు వెతుక్కునేలోగా ఆయనే మళ్ళీ అడిగాడు.

“అవి అరుస్తుంటే యంత్రానికి వినపడనిది నీ మాట ఒక్కటేనా? నా మాట కూడానా?”

“ఇద్దరిదీ ఒకటే లైనండి. యంత్రానికి ఏదీ తేలదు.”

ఆయన గొంతు తగ్గించి, “మూత పెట్టకు,” అన్నాడు. “నాకో కూతురుండేది. ధాత్రి. కేసు మూసేస్తున్నాను గానీ, కాసేపు అలా ఉండనీ.”

మనుషులను ఇలాగే పట్టుకుంటారని ఆమె విని ఉంది. ఇది ఎరే అయితే నూకరత్నం కూడా దొరికిపోతుంది. మూత మీద చెయ్యి బిగుసుకుంది. చెవిలో ఆయన మళ్ళీ మళ్ళీ అదే పేరు అంటున్నాడు, పలకడం అప్పుడే నేర్చుకుంటున్నవాడిలా. ఆమె అలాగే వింటూ కూర్చుంది.

తర్వాత బండి దిగి, కాలవ పక్క తడిగడ్డిలో పెట్టెను బోర్లించింది. నల్లటి పురుగులు చెల్లాచెదురై గడ్డి మొదళ్ళలోకి దూరిపోయాయి. కాసేపు చప్పుడే లేదు. ఆపైన తుంగలోంచి ఒకటి మొదలెట్టింది, దానికి అవతలి గట్టు నుంచి ఇంకొకటి బదులిచ్చింది.

ఆ కూత విని ఓడరేవు దగ్గరి గస్తీ పడవలు ఒక్కొక్కటే కాలవ వైపు తిరిగాయి. ఎవరిని వెతకాలో వాటికి ఇంకా తెలియదు.