అక్కని లెక్కలో ఉంచిన సాయంత్రం

మా మనవరాలు జనాభా లెక్కల ఆఫీసులో పనిచేస్తుంది. ఈ నేలకి మొదటి జనమైన మావాళ్లు ఇంకా ఎంతమంది మిగిలారో ఎవరికీ సరిగ్గా తెలియదు. బడి రికార్డులూ ఆసుపత్రి రికార్డులూ కంప్యూటర్లో జతచేసి అంచనా వేస్తారు. మావాళ్లకి చావులు రాయించే అలవాటు లేదు. అందుకని ఏడాదిలోపు ఎక్కడైనా కనిపించిన పేరు బతికున్నట్టే లెక్క. అనుమానం వస్తే మాలో పెద్దవాళ్లని పిలిచి అడుగుతారు. వాళ్ల మాటే ఖాయం.

ఆ సాయంత్రం నన్ను ఆఫీసుకి పిలిచింది. బయట వాన. గదంతా తడి గొడుగుల వాసన.

"అమ్మమ్మా, నీ కవల అక్క పేరు తేలింది."

"అది ఆరేళ్లకే జ్వరమొచ్చి పోయిందే."

"పోయినవారం కళ్ల ఆసుపత్రికి వచ్చిందట. అడ్రసు నీ ఇల్లే." గొంతు తగ్గించింది. "నువ్వే వెళ్లి, మతిమరుపులో ఆ పేరు చెప్పావా? పొయ్యిమీద పాలు మర్చిపోవడం వేరు, ఇది వేరు. అదే నిజమైతే నిన్నింక ఒక్కదాన్నే ఆ ఇంట్లో ఉంచను."

ఆ ఆసుపత్రి గడప తొక్కిన గుర్తు లేదు. గుర్తు లేకపోవడమేగా నా భయం...

"ఇద్దర్నీ ఒకరిగా కలిపేయనా, ఇద్దరుగా ఉంచనా?"

మతి పోతోందని ఒప్పుకోలేకపోయాను.

"ఇద్దరం. అక్క నా దగ్గరే ఉంటోంది."

మనవరాలు కంప్యూటర్‌ వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ ఏ అటకమీద దాచావే ముసలీ? సరే, నీ మాటే ఖాయం. రేపొచ్చి పలకరిస్తాలే మీ అక్కని." మీట నొక్కింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. తాళం వేశానో లేదో గుర్తు రాలేదు. తోస్తే తలుపు తెరుచుకుంది.

లోపల తడి పలక వాసన. సుద్ద వాసన. వంటగదిలో ఎవరో దగ్గారు... సన్నగా.

"ఎవరూ?"

దగ్గు ఆగింది.

లైటు వేశాను. ఎవరూ లేరు. బల్లమీద కొత్త కళ్లజోడు.

అయితే వెళ్లింది నేనే. వెళ్లి మర్చిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఊపిరి తేలికపడింది. మర్చిపోవడం ఒక్కటే అయితే భరించగలను. జోడు తీసి పెట్టుకోబోయాను.

కాడలు చెవులదాకా రాలేదు. కణతల దగ్గరే ఆగిపోయాయి...

చిన్నపిల్లల జోడు అది. అద్దాలమీద ఊపిరి ఆవిరి ఇంకా ఆరలేదు.