నెమలికంఠం చీర, ల్యాండ్‌లైన్ ఫోను

"ఫోన్ తీసేయమని అర్జీ పెట్టి మూడు వారాలాయె. తీయనీకి వచ్చి రిపేర్ చేసి పోతరేంది?" వసంత గుమ్మంలోనే నిలదీసింది.

లైన్‌మన్ అరవింద్ నీళ్లు నమిలాడు. "తీసే ముందు లైన్ మంచిగుండాలండి. రూల్."

అలాంటి రూల్ ఏ ఆఫీసులోనూ లేదు. ల్యాండ్‌లైన్ పోతే గద్వాలలో ఈ ఇంటికి రావడానికి అతనికి ఇంకో సాకు దొరకదు, అంతే.

వసంతకు ఆ ఫోనంటే చిరాకు. నాన్న రాఘవేందర్ ఇంట్లోనే మగ్గం మీద నేసిన చీరలన్నీ ఆమె వీడియో కాల్‌లోనే అమ్ముతుంది.

"ఇయ్యాల తీసేసే పోండ్రి," అంటుండగానే ఆమె మొబైల్ మోగింది. తెరమీద వనపర్తి టీచరమ్మ, చేతిలో చీర, మొహం నిండా కోపం.

"వీడియోల నీలం చూపించి పచ్చది పంపినవేంది? వాపస్ పంపుత!"

"అది నెమలికంఠం మేడం. పడుగు పచ్చ, పేక నీలం. తిప్పిన కొద్ది రంగు మారుతది."

వసంత అలాంటిదే ఇంకో చీర కెమెరా ముందు తిప్పింది. తెరమీద అదీ ఉత్త నీలమే. టీచరమ్మ కాల్ కట్ చేసింది. అది నాన్న పది రోజుల కష్టం. వసంత కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరవింద్ చూస్తూ ఉండలేకపోయాడు. గుమ్మం పక్కనున్న ల్యాండ్‌లైన్ రిసీవర్ అందించాడు. "దీంట్ల చేయుండ్రి. తెర లేకుంటే ఆమె చీరనే చూస్తది."

కొరకొరా చూసి, నంబర్ నొక్కింది. "మేడం, జర చీర పట్టుకొని వాకిట్లకు రాండ్రి. కుచ్చిళ్ల లెక్క మడత పెట్టుండ్రి. ఇప్పుడు ఎండల మెల్లగ తిప్పుండ్రి. పచ్చల నుంచి నీలం లేస్తున్నదా?"

అవతల నుంచి టీచరమ్మ కేక వినిపించింది.

"అబ్బ! ఎంత బాగుందే! దీన్ని నేనే ఉంచుకుంట. మా చెల్లెకు ఇంకోటి నేయమను."

వసంత నవ్వింది. ఆ నవ్వు చూసి అరవింద్ నోరు ఆగలేదు. "రూల్ గీల్ ఏం లేదండి. లైన్ తీస్తే మిమ్మల్ని చూడనీకి రాలేను. గందుకే..."

"రెండోసారి వచ్చినప్పుడే సమజైంది."

"మరి మా ఆఫీసుల కంప్లైంట్ చేయలేదేంది?"

వసంత బుగ్గలు ఎర్రబడ్డాయి. రిసీవర్‌ను ఫోన్ మీద పెట్టి, చీర మడత పెట్టసాగింది.

మగ్గం చప్పుడు ఆగింది. రాఘవేందర్ తలెత్తకుండానే అన్నాడు. "ఫోన్ ఉండనీయ్ పిలగా. నువ్వు రిపేరని మాత్రం రాకు. ఆదివారం మీ అమ్మనాయినలను తోల్కరా. వీడియో కాల్‌ల కాదు, మనుషులే రావాలె."

అరవింద్ వసంత వైపు చూశాడు.

"పొద్దుగాలనే రాండ్రి," అంది ఆమె.