గోడబిళ్ళ సాక్ష్యం

కంట్రోల్ రూమ్ గోడంతా పరుచుకున్న మ్యాప్ మీద ఆ ఉదయం ఒక్క ఎర్ర చుక్క కూడా లేదు. తీరం వెంబడి మూడు జిల్లాలు, వేలాది ఇళ్ళు, అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ఆ పచ్చదనాన్ని చూస్తూ నిలబడ్డ అదనపు ఎస్పీ హైమవతి చేతిలో ఫోన్ ఉంది. అవతల ప్రభుత్వాసుపత్రి నర్సు మాట్లాడుతోంది.

"పేషెంట్ పేరు కుసుమ, మేడమ్. ఎడమ మణికట్టు విరిగింది. మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. మెట్ల మీంచి జారిపడ్డానంటోంది. మీ స్టేషన్‌కి ఫోన్ చేస్తే, ఆ ఇల్లు పచ్చగానే ఉంది, రానవసరం లేదన్నారు."

హైమవతి ఆ ఇంటిని మ్యాప్‌లో వెతికించింది. నిజమే, పచ్చ చుక్క. నెలల తరబడి అది ఎర్రబడిందే లేదు.

ఆ చుక్కల వెనకున్న యంత్రం పేరు కంపమాపి. ప్రతి ఇంటి గోడకూ బిళ్ళలా అతికించి ఉంటుంది కాబట్టి జనం గోడబిళ్ళ అంటారు. భయం వేసినప్పుడు మనిషి గొంతులో కండరాలు బిగుసుకుంటాయి, మాటలో సన్నటి వణుకు పుడుతుంది. మన చెవికి అందని ఆ వణుకు బిళ్ళలోని సెన్సర్‌కి అందుతుంది. మాటల్ని అది రికార్డు చేయదు, వణుకును మాత్రమే కొలుస్తుంది. హద్దు దాటితే మ్యాప్ మీద ఆ ఇల్లు ఎర్రబడుతుంది. దగ్గర్లో ఏ జిల్లా జీపు ఉంటే ఆ జీపు బయల్దేరుతుంది. యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ సుధన్వ. "అది మా పరిధి కాదు" అంటూ ఫిర్యాదుల్ని ఒకరి మీదికొకరు తోసుకునే మూడు జిల్లాల పోలీసుల్ని ఒక్కచోటికి చేర్చింది హైమవతి. అందుకు ఆమెకు చాలా కాలమే పట్టింది.

ఆమె సుధన్వను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

కుసుమకు పాతికేళ్ళుంటాయి. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడల వైపు చూస్తోంది.

"ఇక్కడ బిళ్ళ లేదమ్మా" అంది హైమవతి, ఆ చూపు అర్థమై.

అప్పుడు కుసుమ పెదవి విప్పింది. "బిళ్ళ పెట్టిన మొదట్లో ఓసారి పోలీసులొచ్చారండి. వాళ్ళు వెళ్ళాక మా ఆయన, ఇంట్లో ఇంక నీ గొంతు వినబడకూడదన్నాడు. ఆయనా మాట్లాడడు. చేత్తో సైగ చేస్తాడు. కొట్టినా నేను నోరు తెరవను. తెరిస్తే ఇంకా కొడతాడు."

సుధన్వ మంచం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "మాట లేకపోతే దానికి కొలవడానికేమీ ఉండదు. ఖాళీగా ఉన్న ఇంటికీ, ఈ అమ్మాయి ఇంటికీ దానికి తేడా తెలీదు" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

కుసుమను ఆసుపత్రికి తెచ్చిన పక్కింటి మంగతాయారు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మీకేమీ తెలియలేదా?" అడిగింది హైమవతి.

"సామాన్లు పడ్డ చప్పుడు వినబడేదమ్మా. ఇదివరకైతే వెళ్ళి తలుపు బాదేవాళ్ళం. ఇప్పుడు బిళ్ళ ఉంది గదా, అదే చూసుకుంటాదిలే అని ఊరుకున్నాం." ఆమె తల దించుకుంది.

కుసుమ ఫిర్యాదు ఇచ్చింది. ఆ సాయంత్రమే ఆమె భర్త శేషగిరిని అరెస్టు చేశారు.

కోర్టులో బెయిలు వాదనకి అతని లాయరు ఎక్కువసేపు తీసుకోలేదు. "మేడమ్, కంపమాపి పొరపడదని ఇదే కోర్టులో చెప్పింది మీరే కదా? దాని రికార్డు చూసే కదా ఎంతోమంది మగవాళ్ళని జైల్లో పెట్టారు? అదే యంత్రం నా క్లయింటు ఇంట్లో భయమే లేదంటోంది. ఇప్పుడు పొరపడింది యంత్రమా, మీరా?"

యంత్రం సరైనదేనంటే శేషగిరి ఇంటికి వెళ్ళిపోతాడు. పొరపడిందంటే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ముందు బెంచీ మీద కుసుమ, అలవాటు కొద్దీ, పెదవులు బిగబట్టుకుని కూర్చుని ఉంది.

"యంత్రమే పొరపడింది" అంది హైమవతి. "మాట్లాడనివ్వని ఇంట్లో అది చెవిటిది."

శేషగిరికి బెయిలు రాలేదు. కానీ కంపమాపి రికార్డు ఒక్కటే ఆధారంగా ఎవరినీ నిర్బంధంలో ఉంచడానికి వీల్లేదని జడ్జి ఆదేశించాడు.

"అది మౌనం విషయంలోనే పొరపడుతుంది. భయం ఉందని చెప్పినప్పుడు ఎప్పుడూ తప్పు చెప్పలేదు!" అన్నాడు వరండాలో సుధన్వ. "ఆ తేడా వాళ్ళకి చెప్పాల్సింది."

"చెప్పాను డాక్టరుగారూ. ఆదేశంలో అది రాలేదు."

మర్నాడు మధ్యాహ్నం నుంచి కంపమాపి రికార్డు మీదే మూడు జిల్లాల జైళ్ళలో ఉన్నవాళ్ళు విడుదలవుతారని కబురొచ్చింది. తెల్లారగానే హైమవతి కంట్రోల్ రూమ్‌లో కూర్చుంది. ఉన్న జీపుల్ని ఏ వీధికి పంపాలో మూడు జిల్లాల ఇన్‌స్పెక్టర్లు మ్యాప్ ముందు తర్జనభర్జన పడుతున్నారు. జీపులు చాలవు. ముందు విడుదలయ్యేవాళ్ళ భార్యల్ని హెచ్చరించాలి, వీలైనవాళ్ళని ఇల్లు దాటించాలి. ఆ పని ఇంకొకరికి అప్పగించడానికి ఆమెకు మనసొప్పలేదు. తనే ఫోన్ తీసుకుంది.

మొదట ఝాన్సీ అనే టీచరుకి చేసింది.

"ఝాన్సీగారూ, నేను హైమవతిని. కంగారు పడకండి. మీ ఆయన ఈ రోజు బయటికొస్తున్నారు."

"ఈ రోజేనా? ఇక్కడికే వస్తాడా మేడమ్?"

"మేడమ్, ఎర్ర చుక్క!" అని అరిచాడు ఆపరేటరు. "టీచర్స్ కాలనీ! దగ్గర్లో ఉన్న జీపుని పంపేస్తున్నాను."

హైమవతి మ్యాప్ వైపు చూసింది. ఎర్రగా కొట్టుకుంటున్నది ఝాన్సీ ఇల్లే. ఇంకా ఎవరూ ఆమె తలుపు తట్టలేదు. ఆ ఇంట్లోకి ఇప్పుడు అడుగుపెట్టింది హైమవతి గొంతు ఒక్కటే.

"ఆ జీపుని ఆపండి, ఇంకా ఏమీ జరగలేదు" అంది ఆపరేటరుతో. ఫోన్లో, "అవసరమైన బట్టలు సర్దుకోండమ్మా, మనిషిని పంపిస్తున్నాను" అని చెప్పి పెట్టేసింది.

జాబితాలో తర్వాతి పేరు పక్కనున్న నెంబరు నొక్కింది. అవతల ఎవరో నవ్వుతూ "హలో" అన్నారు.

హైమవతి చెప్పింది. మ్యాప్ మీద ఇంకో చుక్క ఎర్రబడింది.