స్టీవెన్ కళ్ళజోడు చేసిన ప్రార్థన

"మేడమ్, మీ కళ్ళజోడు నా పెళ్ళి చెడగొట్టింది."

నందిగామ బస్టాండు ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపులో మహిమ తలెత్తి చూసింది. కౌంటర్ అవతల స్టీవెన్. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో సర్వేయరు. ఎండకి నల్లబడి, నీడలో తెల్లబడే అద్దాలు పది రోజుల క్రితం అతనికి అమ్మింది ఆమే.

"ఏం చేసిందండీ పాపం?"

"పరిటాల పెళ్ళిచూపులకెళ్ళా. ఎండలోంచి లోపల అడుగు పెట్టగానే ప్రార్థన అన్నారు. ఆమెన్ అని అందరూ కళ్ళు తెరిచేసరికి నేను నల్లద్దాలతో ఉన్నా. వాళ్ళ నాయనమ్మ దగ్గరకొచ్చి, 'ఆపరేషన్ ఏ కంటికి నాయనా?' అంది."

మహిమ పెదవి బిగబట్టింది.

"నవ్వకండి. కళ్ళజోడు తీసి చూపించా. తీస్తే నాకేం కనపడదుగా! పెళ్ళికూతురనుకుని వాళ్ళ పిన్నిని చూసి నవ్వా."

మహిమకి ఇక నవ్వు ఆగలేదు. "తెల్లబడ్డానికి నాలుగైదు నిమిషాలు పడుతుందని ముందే చెప్పానండీ. వాళ్ళ ప్రార్థన పొట్టిదైతే అది లెన్సు తప్పా?"

ఆమె నవ్వుతుంటే స్టీవెన్ పరిటాల సంబంధం సంగతే మర్చిపోయాడు.

మరుసటి వారం వచ్చి టీ ఆవిరికి మసకబారని అద్దాలు కావాలన్నాడు. ఆ పై వారం కంప్యూటర్‌కి వేరే జోడు. నాలుగోసారి, వానలో తడుస్తూ వచ్చి, కాడల్లో స్పీకర్లున్న కొత్తరకం కళ్ళజోడు తీసుకున్నాడు. ఫోను జేబులో ఉన్నా మాట చెవిలో వినపడుతుంది, పక్కవాళ్ళకి తెలియదు.

"ఇన్నెందుకండీ? ఉన్నవి రెండు కళ్ళేగా!"

"కళ్ళు రెండే. కానీ మీరు కనపడేది ఈ షాపులోనేగా."

మహిమ బిల్లు పుస్తకం తిరగేసి పట్టుకుంది. "మా నాన్నతో మాట్లాడండి," అంది. "ముందే చెప్తున్నా. ఆయన జీతం అడగరు. కూర్చోగానే ప్రార్థన చేయమంటారు. ఇద్దరు ఇంజనీర్లు అక్కడే ఆగిపోయారు."

స్టీవెన్ మొహం పాలిపోయింది. "నలుగురిలో నాకు నోరు పెగలదండీ. చర్చిలో కూడా నా వంతు ఆమెన్ వరకే."

ఇద్దరూ ఒకేసారి స్పీకర్ల కళ్ళజోడు వైపు చూశారు.

ఆదివారం సాయంత్రం మహిమ తండ్రి జ్ఞానయ్య, రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద, కుర్చీలో నిటారుగా కూర్చుని, "చిన్న ప్రార్థన చేయి బాబూ," అన్నారు.

వంటింట్లో మహిమ ఫోను నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా అందించింది. మేనత్త కృపావతి పెరట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద బాణలి ఉంది.

"ప్రేమగల తండ్రీ, ఈ ఇంటిని దీవించుము," అన్నాడు స్టీవెన్ కళ్ళు మూసుకుని. "ఈ ఇంటి పెద్దకు ఆయుష్షు దయచేయుము."

జ్ఞానయ్య తృప్తిగా తల ఊపారు.

"మా తప్పులు క్షమించుము," స్టీవెన్ గొంతు గంభీరమైంది. "అత్తా, పకోడీలు మాడుతున్నాయి, త్వరగా రా. అయ్యో, నీక్కాదు! నోర్మూసుకో!"

జ్ఞానయ్య కళ్ళు తెరిచారు.

ఈలోగా పెరట్లోకి స్టీవెన్ గొంతు వినపడి, కృపావతి బాణలి దించేసి చిల్లుల గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, నిజంగానే మాడుతున్నాయి! ఇక్కడ కూర్చున్న అబ్బాయికెట్టా తెలిసింది? దర్శనం అన్నయ్యా, దర్శనం!"

జ్ఞానయ్య కుర్రాడి వంక ఎగాదిగా చూశారు. "దర్శనమేనా బాబూ?"

అవునంటే చాలు, పెళ్ళి ఖాయం. స్టీవెన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాదండీ. దీని కాడల్లో స్పీకర్లున్నాయి. చెప్పింది మీ అమ్మాయి."

వంటింట్లో గిన్నె ఏదో కిందపడింది.

"అయితే," అన్నారు జ్ఞానయ్య, బడిలో అడిగినట్టు, "అది లేకుండా చేయి."

స్టీవెన్‌కి చుట్టూ అంతా మసక. ఎవరి మొహమూ కనపడలేదు. అందుకేనేమో, మొదటిసారి నోరు పెగిలింది.

"ప్రభువా, నాకు ప్రార్థన రాదు. మోసం చేయడం కూడా రాదని ఇప్పుడే అందరూ చూశారు. మహిమంటే నాకిష్టం. ఆమెని చూడ్డానికి అవసరం లేని కళ్ళజోళ్ళు కొన్నా. వాళ్ళ నాన్నగారు కాదంటే ఏం చేయాలో తెలీదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆమెన్ అనడం మర్చిపోయాడు. ఆమెన్ వినపడందే ఆ ఇంట్లో ఎవరూ కళ్ళు తెరవరు. జ్ఞానయ్య కళ్ళు మూసుకునే ఉన్నారు. కృపావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆమెన్!"

వంటింటి తెర వెనక నుంచి మహిమ గొంతు, గట్టిగా.

జ్ఞానయ్య మీసాల కింద నవ్వు దాచుకున్నారు. "ఆమెన్ నువ్వే అనేశాక ఇక నేను చెప్పేదేముందమ్మా? బయటికి రా."