కుడి పక్క అరిగిన టైరు

జడ్సన్‌కు పెళ్ళాం తర్వాత ప్రాణమంటే ఆ బండే. డెబోరానడిగితే ఆ వరస తిరగేసి చెబుతుంది, అది వేరే సంగతి.

దూరాలు తిరిగేందుకు చేసిన పెద్ద బండి. ఎత్తైన హ్యాండిలు, వెనక రెండు పక్కలా పెట్టెలు, గాలి ముఖాన కొట్టకుండా ముందొక అద్దం. క్రిస్మస్ సెలవుల్లో దాని మీద డెబోరాను ఎక్కించుకుని కన్యాకుమారి దాకా పోవాలని జడ్సన్ పెళ్ళికి ముందునుంచీ చెబుతున్నాడు. ఇంతవరకూ ఆ బండి చూసిన దూరదేశాలు ఏవంటే, సొంతూరు కోట నుంచి పక్కనున్న వాకాడు, వాకాడు నుంచి కోట. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం మరి. రొయ్యల గుంటల చుట్టూ తిరగడం, నీళ్ళు పరీక్ష చేయడం, రొయ్య చచ్చిన రైతు చేత తిట్లు తినడం, చీకటి పడే వేళకు ఇల్లు చేరడం.

ఆ బండికి ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున పోయేటప్పుడు బాణంలా పోతుంది. సాయంత్రం వచ్చేటప్పుడు ఎడమకు లాగుతుంది. మలుపులో వంచితే వెనక చక్రం తోక ఊపుతుంది. బేరింగులు మార్పించాడు, చైను సరిచేయించాడు, వెనక స్ప్రింగు బిగించాడు. జబ్బు తగ్గలేదు. ఇక మిగిలింది టైర్లే.

అందుకే నవంబరు ముసురులో ఒక మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సుబ్బు కొట్టు ముందు స్టూళ్ళ మీద కూర్చున్నారు. వాకాడు నుంచి వచ్చేటప్పుడు కోటలో మొదట తగిలేది ఆ టైర్ల కొట్టే. దాని వెనకే సుబ్బు ఇల్లు. సుబ్బూ జడ్సనూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ఇప్పటికీ ఒకణ్ణొకడు తిట్టుకోనిదే కాఫీ తాగరు.

"ఇది చూడు," సుబ్బు ఒక టైరు దొర్లించుకొచ్చాడు. "గట్టి రబ్బరు. నీకు పుట్టబోయే పిల్లోళ్ళు కాలేజీకి పొయ్యేదాకా అరగదు. వానలో బ్రేకేస్తే మాత్రం ఆగదు. కాలవే ఆపాల."

"మరి అది?"

"మెత్తది. తుమ్మజిగురు మాదిరి రోడ్డును పట్టుకుంటాది. కన్యాకుమారికి పోతావు గానీ, తిరిగొచ్చేదానికి ఇంకొకటి సంకనేసుకోని పోవాల."

"మధ్యరకం లేదా సుబ్బన్నా?" అంది డెబోరా.

"ఉండాది చెల్లెమ్మా. నడిమిన గట్టిది, పక్కలు మెత్తన. తిన్నగా పోతే అరగదు, వంచితే జారదు. మీ ఆయనకు తప్ప అందురికీ తెలిసిన రకం."

"కొంచెం వెడల్పుది వేస్తే?" జడ్సన్ ఆశగా అడిగాడు.

"చూసేదానికి సోకుగా ఉంటాది. మలుపులో వంచాలంటే ఎద్దు మెడ వంచినట్టు వంచాల. బండితో వచ్చిన సైజే ఏస్తా. నువ్వు నోరు మూసుకోని కాఫీ తాగు."

నడిమి గట్టి, పక్కలు మెత్తని జత ఖాయమైంది. సుబ్బు వెనక చక్రం ఊడదీసి, పాత టైరు లాగి, పారేయబోతూ ఆగాడు. వెలుతురులోకి తెచ్చి తిప్పి చూశాడు. వాడి మొహంలో ఒక నవ్వు పుట్టింది. చిన్నప్పుడు మాస్టారి కుర్చీలో పల్లేరుకాయలు పెట్టేముందు వచ్చే నవ్వు అది.

"ఒరే జడ్సనూ. ఎడం పక్క కొత్త పెళ్ళికూతురి మాదిరి ఉండాది. కుడి పక్క గుండైపోయుండాది. ఏందిరా ఇది?"

"రోడ్డు వాలు అయ్యుంటుంది."

"రోడ్డు వాలుకు ఇంత అరగదు. చీర కట్టిన ఆడమనిషి కాళ్ళు రెండూ ఎడం పక్కనే ఏలాడేసి కూర్చుంటే బరువు అటు పడతాది. బండి అటు ఒరక్కుండా మనం కుడికి వంచి తోలతాం. రోజూ పెళ్ళాన్ని ఎక్కించుకోని పొయ్యేవోళ్ళ టైర్లన్నీ ఇట్టానే అరుగుతాయి." డెబోరా వైపు తిరిగి కన్నుకొట్టాడు. "ఏం చెల్లెమ్మా, చీరలు కట్టడం మొదలుపెట్టినావా?"

డెబోరా బళ్ళో టీచరు. చుడీదారు తప్ప వేయదు, బండెక్కితే కాళ్ళు రెండు పక్కలా వేసే కూర్చుంటుంది. పైగా ఆ బండెక్కి ఆరేడు నెలలైంది, ఇవాళ కొట్టుకు కూడా నడిచే వచ్చింది.

"నేను కాదు సుబ్బన్నా," అంది నవ్వుతూ. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

సుబ్బు నాలిక కరుచుకున్నాడు. "రోడ్డు వాలే అయ్యుంటాది లే చెల్లెమ్మా," అన్నాడు. అంతకుముందు అన్నదానికన్నా అదే ఎక్కువ చెడగొట్టింది.

కొత్త టైర్లు ఎక్కాయి. సుబ్బు చెయ్యి తుడుచుకుంటూ, ఈసారి ఎగతాళి లేకుండా చెప్పాడు. "కొత్త రబ్బరు మీద మైనం పూసినట్టు నున్నగా ఉంటాది. అది అరిగిందాకా నిదానంగా పో. వానలో బిరబిర తోలినావా, పండబెడతాది."

"సాయంత్రం గుంటల కాడికి నేనూ వస్తా బావా," అంది డెబోరా.

"నువ్వెందుకే? అక్కడంతా కంపు."

"పర్లేదులే. ఎవరికో అలవాటైన కంపే గదా."

జడ్సన్ కొత్త టైరును వేలితో నొక్కి చూశాడు. వాడి వెనక ఏ ఆడమనిషీ ఎక్కలేదని వాడికి తెలుసు. ఆ మాట నోటితో చెబితే నమ్మే మొహం కాదు డెబోరాది. ఈ కొత్త టైర్లతో బండి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తిన్నగా నడిస్తే చాలు, తప్పు టైరుదేనని తేలిపోతుంది. మూడేళ్ళ కాపురంలో మొదటిసారి వచ్చిన ఆ చూపు ఆమె కళ్ళల్లోంచి పోతుంది. వాడికి కావలసింది అంతే.

పోయేటప్పుడు బండి ఎంత హాయిగా పోయిందో! వేలితో తోస్తే వంగింది, వేలితో లేపితే లేచింది. వాకాడు దాటేసరికి డెబోరా కూడా మెత్తబడింది. చెవి దగ్గరకు వంగి, "కన్యాకుమారిలో ఎన్ని రోజులుంటాం?" అని అడిగింది. గుంట గట్టు మీద ముక్కు మూసుకుని నిలబడింది గానీ, మొహంలో కోపం లేదు.

తిరిగి బయలుదేరేసరికి చీకటి పడింది. ముసురు పట్టి నక్షత్రమన్నది లేదు. కరెంటు పోయినట్టుంది, గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలన్నీ ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడుకు అలవాటుపడిన చెవులకు ఆ నిశ్శబ్దం నొప్పిగా ఉంది. దూరంగా సముద్రం మాత్రం ఎవరో బరువైనదాన్ని ఈడ్చుకుంటూ పోతున్నట్టు మూలుగుతోంది. గాలిలో మేత వాసన, కుళ్ళిన నాచు వాసన. వాటి కిందుగా ఇంకేదో... నానిన గుడ్డల మూట విప్పితే వచ్చే వాసన.

వాకాడు దాటాక ఉప్పు కాలువ మీద కల్వర్టు వచ్చింది. బండి దాటింది. వెనక స్ప్రింగు కిర్రుమని కిందికి దిగింది.

'గుంత,' అనుకున్నాడు జడ్సన్. రోజూ అక్కడ అలాగే దిగుతుంది, రోజూ అలాగే అనుకుంటాడు. కానీ ఈ రోజు కళ్ళు పెట్టి చూశాడు. లైటు వెలుగులో రోడ్డు నల్లగా, నున్నగా, పలక మాదిరి మెరుస్తోంది. గుంత లేదు.

బండి ఎడమకు లాగింది.

కొత్త టైర్లు. కొత్త బేరింగులు. బండి ఎడమకే లాగుతోంది. జడ్సన్ కుడికి వంచి పట్టుకున్నాడు. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి, ఎంతో కాలంగా నేర్చుకున్నట్టు.

డెబోరా ముందుకు జరిగి వాడి వీపుకు అతుక్కుంది. ఇంకా జరిగింది. వాడు ట్యాంకు మీదికి ఎక్కేంతగా.

"ఏందే, కోపం పోయిందా?" అన్నాడు, గొంతులో లేని సరసం తెచ్చుకుని.

 వాడి చెవిలో డెబోరా గొంతు సన్నగా వినిపించింది.

"ముందుకు జరగమంటా ఉంది బావా."

"ఎవరు?"

"...వెనక్కి చూడబాక."

వాడు చూడలేదు. హ్యాండిలు పక్కనున్న అద్దంలోకి మాత్రం చూపు పోయింది. అందులో మనిషి ఆకారమేదీ లేదు. వెనక దీపం ఎర్రటి వెలుగు తడిరోడ్డు మీద పరుచుకోవాలి. పరుచుకుంది, కుడి పక్క మాత్రమే. ఎడమ పక్క వెలుగుకు ఏదో అడ్డముంది. కిందికి వేలాడుతూ... గాలికి కదలకుండా.

జడ్సన్ చెయ్యి యాక్సిలరేటరు మీద బిగిసింది. చక్రం సర్రుమని జారింది.  కొత్త రబ్బరు. వాన. నిదానం... నిదానంగా పోవాలి. వెనక ఏముందో తెలిసీ నిదానంగా పోవాలి.

డెబోరా ప్రార్థన మొదలుపెట్టింది. ఆదివారం బడిలో పిల్లలకు తనే నేర్పే కీర్తన. మొదటి మాట అంది. మళ్ళీ మొదటి మాటే అంది. ఆ తర్వాతిది రాలేదు.

"యాడెక్కింది?" అని గుసగుసగా అడిగింది.

"కల్వర్టు కాడ. రోజూ..."

"యాడ దిగుద్ది?"

అప్పుడు తెలిసింది జడ్సన్‌కు. సాయంత్రాలు ఇంటి ముందు ర్యాంపు ఎక్కించి బండి ఆపగానే ఒళ్ళంతా తేలికైపోయేది. ఇల్లు చేరితే ఎవరికైనా అంతే గదా అనుకునేవాడు.  వాడు చెప్పకపోయినా డెబోరాకు అర్థమైంది. 

"అంటే రోజూ మనింటికే... అందుకేనా, సెలవు రోజు పగలు నేనొక్కదాన్నే తల దువ్వుకుంటా ఉంటే వెనక ఎవరో కూర్చున్నట్టు..."

ఆ మాట పూర్తి చేయలేదు.  తర్వాత వాడు ఎన్నడూ వినని గొంతుతో అంది.

"ఇంటికొద్దు బావా. ఇంకెక్కడైనా దించు. ఎక్కడైనా సరే."

ఎక్కడ దించాలి? రెండు పక్కలా గుంటలు. నల్లటి నీళ్ళు. పొలాలు. మధ్యలో ఒకచోట ఆపాడు కూడా. ఇంజను కొట్టుకుంటూ ఉంది. వాన పడుతూ ఉంది. బరువు దిగలేదు. దిగడానికి అది ఇల్లు కాదు. మళ్ళీ కదిలించాడు.

కోట మొదట్లో ఒకే ఒక్క వెలుగు కనిపించింది. సుబ్బు కొట్టు మూసేసి ఉంది. వెనక ఇంట్లో ఇన్వర్టరు దీపం. కిటికీలోంచి నులకమంచం, దాని మీద సుబ్బు తల్లి ఆదిశేషమ్మ. పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయిన ముసలామె. జడ్సన్‌కు చిన్నప్పుడు ఎన్ని రొయ్యల వేపుళ్ళు పెట్టిందో లెక్కలేదు.

ఆపాలనుకున్నాడో, చేతులే ఆపాయో... బండి ఆ వాకిట్లో ఆగింది.

స్ప్రింగు మెల్లగా పైకి లేచింది. పెద్ద వయసు మనిషి చీర కుచ్చిళ్ళు పట్టుకుని జాగ్రత్తగా దిగినట్టు, కొంచెం... ఇంకొంచెం... పూర్తిగా. బండి నిటారుగా నిలబడింది.

అడుగుల చప్పుడు లేదు. గేటు గొలుసు మాత్రం ఒకసారి కదిలింది.

"ఎవురది?" లోపల్నించి సుబ్బు గొంతు. "బేరమా? రేపు రా నాయనా."

జడ్సన్ నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. తలుపు తియ్యొద్దురా అంటే చాలు. డెబోరా వాడి నడుము గట్టిగా నొక్కింది. వాడు నోరు మూసుకుని క్లచ్చు వదిలాడు. ఆ మిగిలిన దూరమంతా బండి వేలితో తోస్తే వంగింది, వేలితో లేపితే లేచింది. దాని చక్కదనం చూసి వాడికి ఏడుపొచ్చింది.

రాత్రంతా దీపాలార్పకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ఇంట్లో ఏ అలికిడీ లేదు. తెల్లవారింది. పాలవాడొచ్చాడు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. డెబోరా వాడి భుజం మీద తల పెట్టి, "నిన్ను అనుమానించినాను బావా, ఏమనుకోబాక," అంది. వాడికి కావలసింది దక్కింది.

అప్పుడే ఫోను మోగింది. సుబ్బు.

"ఒరే..." అన్నాడు. తిట్టు లేదు, ఎగతాళి లేదు. ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "రాత్రి మా వాకిట్లో ఆగింది నీ బండే గదా. నీ ఇంజను చప్పుడు నాకు తెలీదా. ఎవర్నిరా దించినావు?"

జడ్సన్ డెబోరా వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎవర్నీ లేదే. వాన గట్టిగా పడతా ఉంటే కాసేపు ఆగినాం."

"ఎవర్నీ లేదా?"

"లేదురా. ఏం?"

సుబ్బు గొంతు ఇంకా తగ్గించాడు.

"మా అమ్మ లేచి కూర్చోనుండాదిరా. పడిపోయిన చెయ్యి ఆడతా ఉండాది. రెండు చేతులతో ముందర ఎవురో కూర్చున్నట్టు... గాల్లో చిక్కు తీసి జడల్లతా ఉండాది. నేను పిలిస్తే పలకదు. 'కదలబాకమ్మా' అని ఆ ఎదురుగా ఉన్నదానికి చెప్తా ఉండాది. కోడికూతప్పుడు మొదలుపెట్టింది. అల్లతా అల్లతా, ఆ జడ పొడుగుకు వెనక్కి జరుగుతా మంచం దిగి నేల మీదికొచ్చింది, నడవ దాటింది, ఇప్పుడు వాకిలి దాకా వచ్చింది. జడ ఇంకా అయిపోలేదురా."