కరుణ గొంతు

సలాబత్‌పురా బట్టల బజారులో చీరల గోదాముల పైన, రెండో అంతస్తులో గోపాల్ కంపెనీ. మనుషులు ముగ్గురే. మొదట మరమగ్గాల షెడ్లలో హాజరు వేసే సాఫ్ట్‌వేర్ చేశారు. తర్వాత చీర అంచులు గీసేది. ఆ రెండూ ఓ మోస్తరుగా నడిచాయి. మూడోది మాత్రం ఊరి చివర గోడాదరా షెడ్ల దాకా పేరు తెచ్చింది. మగ్గం మీద పోగు తెగితే, వలస వచ్చిన, చదువు రాని కార్మికుణ్ణి కూడా తెలుగులో పిలిచి చెబుతుంది.

ప్రోగ్రాం రాసింది ప్రసన్న. గొంతు కరుణది.

పేరు కరుణకే దక్కింది. షెడ్లలో ఆ సాఫ్ట్‌వేర్‌ను అసలు పేరుతో ఎవరూ పిలవలేదు. "కరుణక్క పిలుస్తున్నది" అనేవారు. ఎదురుగా నిలబడ్డ ప్రసన్ననే, "కరుణక్క రాలేదా?" అని అడిగేవారు. ప్రసన్న నవ్వేది. ఆఫీసుకొచ్చి, కరుణ గొంతు వినపడకుండా స్పీకర్ కట్టేసేది.

కరోనా రెండో వేవ్‌లో కరుణ పోయింది. ఊపిరందక, ఆఖరికి గొంతు పెగలక పోయింది. గోపాల్ కళ్లు తుడుచుకుంటూ, "ఆమె గొంతు అట్లనే ఉండనీ ప్రసన్నా. అదే మన కంపెనీ" అన్నాడు.

చచ్చాక కూడా ఆమేనా!

వాన పడుతున్న ఓ ఆదివారం మధ్యాహ్నం, బజారంతా మూసి ఉండగా, ప్రసన్న ఒక్కతే వచ్చి ఆఫీసు తాళం తీసింది. కింది గోదాముల నుంచి చెమ్మబట్టిన బట్టల వాసన. మాస్కు తీసి మైకు ముందు కూర్చుంది.

"పోగు తెగింది. మగ్గం ఆపుండ్రి."

ఒక్కో మాటా తన గొంతుతో రికార్డు చేసింది. కరుణ ఫైళ్లన్నీ చెరిపేసింది. చివరిది పోతుంటే స్పీకర్లో చిన్నగా దగ్గు వినిపించింది.

ప్రసన్న స్పీకర్ వైరు పీకేసింది.

మళ్లీ దగ్గు... ఈసారి గది మూల నుంచి. తర్వాత ఊపిరి. ఈల వేసినట్టు... లాగి లాగి.

"ఎవరు?"

వాన చప్పుడు ఆగిపోయింది. చెవి పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు.

"నా గొంతు తీసేస్తివి... మరి నాకేదే?"

ప్రసన్న పరుగెత్తింది. మెట్లు దిగి గల్లీలో పడింది. వాన పడుతూనే ఉంది. అరవబోతే నోట మాట రాలేదు. భేస్తాన్‌లోని ఇంటికి ఫోన్ చేసింది. తల్లి ఎల్లవ్వ ఎత్తింది.

"అమ్మా..."

"ఎవరు బిడ్డా?"

ప్రసన్న చేత్తో నోరు మూసుకుంది. తన నోట్లోంచి వచ్చింది కరుణ గొంతు.

"నేనే... అమ్మా..."

"ప్రసన్న ఫోను నీ కాడున్నదా బిడ్డా? మర్చి వచ్చినట్టున్నది. జర పైలంగ పెట్టు. అది గిప్పుడే ఇంటికొచ్చి తానం చేస్తున్నది."

అవతల తలుపు తెరుచుకున్న చప్పుడు. తడి పాదాల అడుగులు. తర్వాత అచ్చం ప్రసన్న గొంతు...

"ఎవరమ్మా, కరుణనా? పెట్టెయ్. ఆమె సచ్చిపోయింది గద."