ఇంటి పెద్ద సంతకం

బ్రహ్మయ్య చేసిన ద్రోహాన్ని దైవాశీర్వాదం ఈ జన్మలో క్షమించదలుచుకోలేదు. చీరాలలో ఒకే వీధివాడు, ఇక్కడ అమెరికాలో నాలుగేళ్ళుగా తన పెట్రోలు బంకు స్టోర్ కౌంటర్ దగ్గర నిలబడి ఊరికే కాఫీ తాగినవాడు, తీరా చూస్తే వాడి ఇంటి ముందు గడ్డిలో ‘రీకాల్ వద్దు’ అని బోర్డు పాతుకున్నాడు. బోర్డు సంగతి పోనీ. తను పెట్టిన సంతకాల విషయం కళ్ళారా చూసినవాడు బ్రహ్మయ్య ఒక్కడే. అదీ అసలు భయం.

శుక్రవారం పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి రూతు ఉప్మా కలుపుతోంది. కూతురు జెమీమా బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తండ్రి చెప్పుల చప్పుడు వినగానే మూత వేసేసింది.

“ఏం దాస్తున్నావే?”

“ఏం లేదు డాడీ. ప్రైవసీ.”

“నా ఇంట్లో, నా కరెంటు మీద నీకు ప్రైవసీ!”

“పొద్దున్నే మొదలెట్టారా? ముందు తినండి, చల్లారిపోతోంది” అంది రూతు.

“నువ్వూ దాంతో కలిశావులే. నిన్న మీ ఇద్దరి గుసగుసలు వినపడలేదనుకున్నావా?”

“ఆ కుక్కర్ మోతలో మీకేం వినపడిందండీ?”

“బ్రహ్మయ్య పేరు వినపడింది.”

“వాళ్ళావిడ గిరిజకి మోకాలి ఆపరేషన్ అయింది. కూర పంపుదామనుకున్నాం. అది కూడా నేరమేనా?”

దైవాశీర్వాదం నమ్మలేదు. వారం రోజులుగా ఈ ఇంట్లో ఏదో నడుస్తోంది. కూతురు కళ్ళలోకి చూసి మాట్లాడటం లేదు. అల్మారాలో తుపాకీ పెట్టె కూడా పెట్టిన చోట పెట్టినట్టు లేదనిపించింది. రెండుసార్లు తాళం చూసుకున్నాడు.

ఆ తుపాకీ దగ్గరే మొదలైంది అంతా. చలికాలంలో ఎవడో ముసుగువాడు స్టోర్‌లోకి వచ్చి అతని నుదుటికి పిస్తోలు ఆనించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడు. మర్నాడే తుపాకీ కొనడానికి వెళ్తే, డబ్బు కట్టినా మూడు రోజులాగి తీసుకోమన్నారు. కొత్త చట్టమట. తమ ప్రాంతపు సెనేటరమ్మే ఆ చట్టానికి ఓటేసిందట. తుపాకీలు ఉండాలనే వాళ్ళకి ఒళ్ళు మండి, పదవీకాలం మధ్యలోనే ఆమెను దింపేయాలని సంతకాలు పోగుచేస్తున్నారు. చాలినన్ని వస్తే రీకాల్ ఎన్నిక పెడతారు.

మూడో రోజు బ్రహ్మయ్య కారులో వెళ్ళి తుపాకీ తెచ్చుకుంటుంటే, షాపు బయట బల్ల వేసుకుని కూర్చున్న ముసలాయన కాగితం చూపించాడు. దైవాశీర్వాదం తన సంతకం పెట్టాడు. ఆ కింద రూతు పేరు రాశాడు, ఆ కింద జెమీమా పేరు రాశాడు. సంతకానికింత అని కూలి తీసుకునే ముసలాయన తల పక్కకి తిప్పుకున్నాడు. “ఒరేయ్, వాళ్ళవి నువ్వెలా పెడతావురా?” అని బ్రహ్మయ్య గొణిగితే దైవాశీర్వాదం నవ్వేశాడు.

అప్పటికి జెమీమా ఆ సెనేటరమ్మ తరఫున పనిచేస్తోందని అతనికి తెలియదు. ఆ పిల్ల పనల్లా అవతలివాళ్ళు దాఖలు చేసిన కాగితాల్లో దొంగ సంతకాలు పట్టుకోవడమే. అభ్యంతరాలకి ఈ మధ్యాహ్నమే ఆఖరు గడువు.

“వాడు చెప్పేశాడు కదూ?” ఉప్మా పళ్ళెం పక్కకి నెట్టాడు దైవాశీర్వాదం.

“ఎవరు? ఏం చెప్పారు?”

“నటించకు. బ్రహ్మయ్య!”

జెమీమా బ్యాగ్‌లోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది.

“అంకుల్ ఏం చెప్పలేదు డాడీ. జె మీద టోపీ ఉంది, చూడు.”

తుపాకీల వాళ్ళిచ్చిన కాగితానికి నకలు అది. మూడు వరసలు. మూడో వరసలో జెమీమా పేరు, జె నెత్తిన అడ్డగీత. సిటిజన్‌షిప్ పరీక్షకి ముందు తొమ్మిదేళ్ళ జెమీమా ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఎనిమిదో తరగతితో చదువాపేసిన తండ్రి చేత ఇంగ్లీషు దిద్దించింది. “జెకి టోపీ పెట్టు డాడీ, చలేస్తుంది” అనేది. అప్పటి నుంచి అతను జెకి టోపీ పెట్టడం మానలేదు.

“తొమ్మిది రోజుల నుంచీ నా బ్యాగ్‌లో ఉంది ఇది. అభ్యంతరాల్లో ఇస్తే నీ మీద కేస్ వస్తుంది. ఇవ్వకపోతే నేను అబద్ధాలకోరుని.”

“ఇంటి పెద్దని నేను! రేషన్ కార్డుకైనా చర్చి చందాకైనా అందరి తరఫునా మా నాన్నే వేలిముద్ర వేసేవాడు. ఎవరూ కాదనలేదు.”

“నన్ను అడగాలి డాడీ. అది నా పేరు.”

“నన్ను కూడా అడగలేదు” అంది రూతు గరిటె పక్కన పెట్టి. “అడిగితే పెట్టనని తెలుసు కాబట్టేగా?”

“నా నుదుటి మీద తుపాకీ పెట్టినప్పుడు ఎక్కడుంది ఆ సెనేటరమ్మ? ఆగమన్న మూడు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా కౌంటర్ కింద దాక్కున్నాను!”

“నాకు తెలుసు ఆ భయం” అంది జెమీమా. “లెవెన్త్ గ్రేడ్‌లో స్కూల్లోకి ఎవడో గన్‌తో వచ్చాడని చెప్తే క్లోజెట్‌లో కూర్చున్నా. ఫోర్ అవర్స్. నీకు కాల్ చేశా, నువ్వు ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఏమన్నావ్? ‘ఏం కాలేదు కదా’ అన్నావ్.”

ఆ రోజు స్టోర్‌లో జనం లాటరీ టికెట్లకి బారులు తీరారు, ఫోన్ సొరుగులో ఉంది.

“నువ్వే చెప్పు డాడీ. ఇవ్వనా, చింపెయ్యనా?”

ఇదేదో ఎత్తు అనుకున్నాడు. ఫోన్‌లో తన మాటలు రికార్డు చేస్తోందేమోనని బల్లంతా చూశాడు. ఫోన్ లేదు. మడిచి విప్పి, విప్పి మడిచి ఆ కాగితం మడత దగ్గర చిరిగిపోయింది. తొమ్మిది రోజులు తనను పట్టించడానికి కాదు, దాచడానికి తిరిగింది పిల్ల. దైవాశీర్వాదం కళ్ళు తుడుచుకుని బూట్ల కోసం వెతుక్కున్నాడు.

“కారు తియ్యమ్మా.”

ఎన్నికల ఆఫీసులో కిటికీ వెనకున్నామెతో తన ఇంగ్లీషులో తనే చెప్పాడు. “ఈ రెండూ వాళ్ళు పెట్టలేదు, నేను పెట్టాను. పైది మాత్రం నాదే. దాన్ని కొట్టేయొద్దు.” వాంగ్మూలం రాస్తుంటే కాగితం పక్కకి జారింది. జెమీమా దాని అంచు పట్టుకుంది, చిన్నప్పుడు నోట్‌బుక్ పట్టుకున్నట్టే.

ఇంటికి తిరిగొచ్చి, రూతు వండిన కూర గిన్నెతో దైవాశీర్వాదం బ్రహ్మయ్య గుమ్మం ఎక్కాడు.

“ఏమోయ్, నెల రోజులుగా మొహం చాటేశావు? బోర్డు పీకెయ్యమంటావా?”

“ఉండనీ. నీ గడ్డి, నీ ఇష్టం. నోరు మూసుకుని ఉన్నందుకు ఇదిగో, గోంగూర.”

“నోరు మూసుకోక ఏం చెయ్యను? నీ కాఫీ తాగినవాణ్ణాయె” అన్నాడు బ్రహ్మయ్య.

ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకునేది లేదని హెచ్చరిస్తూ తర్వాత ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని బైబిల్లో పెట్టుకున్నాడు. ముప్పై ఎనిమిది సంతకాలు తక్కువై రీకాల్ ఎన్నికే జరగలేదు. తుపాకీ అల్మారాలోనే ఉంది, సెనేటరమ్మ మీద కోపమూ అలాగే ఉంది. ఫోన్ మాత్రం ఇప్పుడు సొరుగులో కాదు, కౌంటర్ మీదే ఉంటుంది. ఆ గొడవ మొత్తంలో దైవాశీర్వాదం పోగొట్టుకున్నవి సరిగ్గా రెండు సంతకాలు. అవి అతనివి కావు.